చిన్న కేసులో కోర్టుకు పోతున్నారా? ఫైన్ కట్టే ముందు ఇది చదవండి

హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టు గేటు ముందు పొద్దున పదింటికి ఒక పావుగంట నిలబడితే చాలు, మొదటిసారి వచ్చినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సులు, పక్కన తల వంచుకున్న కొడుకు, కాస్త వెనుక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న తల్లి. కేసు పెద్దదేం కాదు. ఎక్కడో తాగి గొడవ పడ్డాడు, లేకపోతే దోస్తులతో పేకాటలో దొరికాడు, లేకపోతే ఎవరిదో సెల్‌ఫోన్ ఎత్తుకొచ్చాడు. వాళ్లకు ఎవరో ఒకరు ముందే చెప్పి పంపిస్తారు: "జడ్జి గారు అడిగితే తప్పయింది సార్ అను బిడ్డా, ఫైన్ వేస్తారు, కట్టేస్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు." నిజమే, మధ్యాహ్నానికి ఇంట్లోనే ఉంటాడు. ఆ రెండు నిమిషాల్లో ఏం పోగొట్టుకున్నాడో మాత్రం ఏ మూడు నాలుగేళ్లకో, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఫారం నింపేటప్పుడు తెలుస్తుంది.

నేను వకీలును కాను. కొన్నేళ్లు పారా లీగల్ వాలంటీర్‌గా ఆ వరండాల్లో తిరిగాను, ఇలాంటి కుటుంబాలను చాలా చూశాను. అందరి టెన్షన్ ఒక్కదాని మీదే ఉంటుంది: జైలు పడుతుందా, ఫైన్‌తో పోతుందా? జైలు పడకపోతే జడ్జి గారు మెత్తగా ఉన్నారని, పడితే గట్టిగా ఉన్నారని అనుకుంటారు. కానీ చట్టం లెక్కలో వెయ్యి రూపాయల ఫైన్ కూడా శిక్షే. తప్పు రుజువైంది, దోషివి అని రాసిన తర్వాతే ఆ ఫైన్ వేస్తారు. ఇంట్లో వాళ్లు "ఫైన్ కట్టి బయటపడ్డాం" అంటారు, రికార్డులో మాత్రం కన్విక్షన్ అని ఉంటుంది. దీనికంటే మెత్తని దారులు చట్టంలోనే ఉన్నాయి, చాలావరకు ఎవరూ వాటిని అడగరు కాబట్టి దొరకవు. అడగడం ఎట్లాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు కాగితం చేతికి రావాలి

ఏ సెక్షన్ కింద కేసు పెట్టారో తెలియకుండా ఎవరి సలహా తీసుకున్నా దండగే. స్టేషన్‌లో "చిన్న కేసే" అని ఉంటారు, సరే, ఎంత చిన్నది? 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత నంబర్లు తెలిసిన పెద్దమనుషులు కూడా తికమక పడుతున్నారు. దొంగతనం అంటే 379 అనే అందరి నోటా ఉంది, ఇప్పుడది 303(2). చేత్తో కొట్టిన దెబ్బలకు 323 పోయి 115(2) వచ్చింది. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, ఇవన్నీ నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి, కోర్టులో హాజరైన రోజు నుంచి 14 రోజుల్లోపు ఇవ్వాలని దానితోపాటే వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో రాసి ఉంది. "కాపీలు ఇప్పించండి సార్" అని అడగడానికి మొహమాటం ఏమీ వద్దు. కేసు నంబరు కూడా రాసిపెట్టుకోండి, సీసీ (మామూలు కేసు) అని ఉందా, ఎస్టీసీ (సమ్మరీ కేసు) అని ఉందా చూసుకోండి. ఆ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో పేషీ ఎప్పుడో, ఏ కోర్టు హాలో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. హన్మకొండ, వరంగల్ రెండు జిల్లాలైనా మనవాళ్లందరూ అదాలత్‌కే వస్తారు, కాబట్టి ఏ జిల్లా కోర్టు, ఏ మెజిస్ట్రేట్ అన్నది ముందు రోజే తేల్చుకోవాలి. పరకాల, నర్సంపేట కేసులైతే అక్కడి కోర్టులు అక్కడే ఉన్నాయి. ఒక పెద్దాయన పొద్దటి నుంచి వేరే హాలు ముందు కూర్చుంటే ఇవతల కొడుకు పేరు పిలిచి, హాజరు లేడని వారెంటు రాసేశారు. నేను కళ్లారా చూశాను.

మెజిస్ట్రేట్ చేతిలో ఎంత ఉందో కూడా తెలుసుకోవాలి, అనవసర భయం పోతుంది. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా ఫైన్ వేయగలరు. కేసు సమ్మరీ పద్ధతిలో, అంటే క్లుప్తంగా త్వరగా ముగించే విచారణలో నడిస్తే మూడు నెలలకు మించి జైలు వేయడానికి వీల్లేదు. 20,000 లోపు విలువున్న దొంగతనం ఈ పద్ధతిలోకే వస్తుంది.

ఇంకా అరెస్టు దశలోనే ఉంటే, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కారణం రాయాలి. బెయిలబుల్ సెక్షన్ అయితే బెయిల్ హక్కు, ఎవరి కాళ్లు పట్టుకోవాల్సిన పని లేదు. జమానతు ఇచ్చేవాళ్లు దొరక్క వారం దాటితే సొంత పూచీకత్తు మీద వదలాలని కూడా చట్టంలో ఉంది. 18 నిండని పిల్లలైతే సంగతే వేరు, వాళ్లను జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు. వయసు రుజువు కాగితం మొదటి రోజే చూపించండి.

"తప్పయింది సార్" అనే ముందు

పేరు పిలుస్తారు, పిల్లోడు బోనెక్కుతాడు, జడ్జి గారు ఆరోపణ చదివి "తప్పు చేశావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మూడు సంగతులు తేల్చుకుని ఉండాలి.

మొదటిది, ఇది రాజీ అయ్యే కేసేనా? చేత్తో కొట్టుకున్న కేసులు, అవమానించేలా తిట్టుకున్న కేసులు, మామూలు బెదిరింపులు, ఇవి బాధితుడు ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. దొంగతనంలో కూడా వస్తువు యజమాని రాజీకి ఒప్పుకోవచ్చు. కోర్టులో రాజీ నమోదైతే దాని ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. అంతకంటే మెత్తని తీర్పు ఇంకోటి లేదు. కాజీపేటలో ఇద్దరు ఆటో డ్రైవర్లు స్టాండు దగ్గర సీరియల్ (ఎవరి వంతు ముందు) గురించి కొట్టుకున్నారు, ఒకాయనకు పెదవి పగిలింది. రెండేళ్లు పేషీలకు తిరిగి, రోజు గిరాకీ పోగొట్టుకుని, చివరికి రాజీ అయితే పది నిమిషాల్లో పని ముగిసింది. ఆ పది నిమిషాల పని మొదటి నెలలోనే అయ్యేది, ఎవరైనా చెప్పి ఉంటే.

లోక్ అదాలత్ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి, ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. ఎవరూ కావాలని మోసం చేయరు, మాట అర్థం కాకనే అలా అవుతుంది. "లోక్ అదాలత్‌కు రండి, కేసు కొట్టేస్తారు" అని కబురొస్తుంది. ఆ రోజు రెండు రకాల పనులు జరుగుతాయి. ఒకటి, రెండు పక్షాలు సంతకాలు పెట్టే రాజీ, ఇది నిర్దోషి కిందే లెక్క. రెండోది, పెట్టీ కేసుల్లో తప్పొప్పుకుని ఫైన్ కట్టడం, ఇది కన్విక్షన్. రెండూ ఒకే రోజు, ఒకే షామియానా కింద, ఒకే రకం హడావుడిలో జరుగుతాయి. సంతకం పెట్టే ముందు "సార్, ఇది రాజీయా, గిల్టీ ప్లీడా?" అని ఒక్క మాట అడగండి.

రెండో సంగతి, అసలు తప్పు చేశాడా? చేయని తప్పును ఎవరో తొందరపెట్టారని ఒప్పుకోవడం కంటే ఘోరం లేదు. ఒకసారి ఒప్పుకున్నాక అప్పీలుకు పోయినా శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో వాదించడానికే దారి మిగులుతుంది, నేను చేయలేదు అనే మాటకు చెల్లు. పేషీలకు తిరగలేక ఒప్పుకునేవాళ్లున్నారు, కూలీ పోతుందని ఒప్పుకునేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఇది చెప్పకుండా ఉండలేను.

మూడో సంగతి, తప్పు నిజమే, రాజీ కుదరలేదు. అప్పుడు ఒప్పుకోవడం మర్యాద, కానీ ఉత్త చేతులతో ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటూనే ప్రొబేషన్ అడగాలి, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలేయమని అడగడం.

ప్రొబేషన్ అడగడం ఎట్లా

1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం అని ఒకటుంది. ఇంత పాత చట్టం, ఇంత పనికొచ్చేది, ఇంత తక్కువగా వాడేది ఇంకోటి నేను చూడలేదు. అందులో మూడో సెక్షన్ ప్రకారం, ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు చిన్న దొంగతనమో, మోసమో, రెండేళ్ల లోపు శిక్షుండే ఇంకేదైనా నేరమో చేస్తే, జడ్జి గారు గట్టిగా మందలించి పంపేయవచ్చు. జైలు లేదు, ఫైన్ లేదు. నాలుగో సెక్షన్ కొంచెం పెద్దది: ఉరి, యావజ్జీవం పడే నేరాలు తప్ప మిగతావాటిలో, మూడేళ్లకు మించని కాలానికి బాండు రాయించుకుని వదలొచ్చు. ఆ కాలంలో బుద్ధిగా ఉంటే సరి, లేకపోతే పిలిచి శిక్ష వేస్తారు. ఆరో సెక్షన్ 21 ఏళ్లు నిండని వాళ్ల కోసం. వాళ్లను జైలుకు పంపాలంటే ప్రొబేషన్ ఎందుకు ఇవ్వడం లేదో జడ్జి గారు కారణాలు రాయాల్సిందే. వయసు లెక్క నేరం జరిగిన రోజుది కాదు, శిక్ష వేసే రోజుది, కాబట్టి ఇరవై దాటిన పిల్లోడి కేసులో ఊరికే వాయిదాలు అడగడం తెలివైన పని కాదు.

అన్నిటికంటే పెద్దది పన్నెండో సెక్షన్. మందలింపుతోనో, ప్రొబేషన్ మీదో వదిలితే, ఆ కన్విక్షన్ వల్ల చట్టం ప్రకారం వచ్చే అనర్హత అతనికి అంటదు. మామూలుగా ఫైన్ కట్టినవాడికి ఈ రక్షణ లేదు. కాశిబుగ్గ వైపు మాకు తెలిసిన ఒకింటి పిల్లోడు పందొమ్మిదేళ్లప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో పాత సెల్‌ఫోన్ తీశాడు, రెండో రోజే తిరిగిచ్చాడు కూడా. మొదటి పేషీలోనే తప్పయింది అన్నాడు, ఫైన్ పడింది, కట్టారు, స్వీట్లు కూడా పంచుకున్నారు. తర్వాత ఉద్యోగం వెరిఫికేషన్‌లో అదే కాగితం ఎదురొచ్చింది. వయసు 21 లోపు, మొదటి తప్పు, వస్తువు వాపసు చేశాడు, ప్రొబేషన్‌కు ఇంతకంటే తగిన కేసు ఉంటుందా? అడిగినవాళ్లు లేరు. వాళ్ల అమ్మ నా దగ్గరికొచ్చి "ఒక్కరన్నా చెప్పలేదు అన్నా" అని ఏడ్చింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఏం తీసుకుపోవాలో చెబుతాను. నాలుగో సెక్షన్‌కు ఒక షరతుంది, పిల్లోడికో జమానతు ఇచ్చేవాళ్లకో ఆ కోర్టు పరిధిలో స్థిరమైన ఇల్లు గానీ, రోజువారీ పని గానీ ఉండాలి. కాబట్టి ఆధార్, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, వీటిలో ఉన్నవి పట్టుకోండి. చదువుకుంటుంటే కాలేజీ నుంచి బోనఫైడ్, హాజరు కాగితం. పనికి పోతుంటే యజమాని లెటర్, ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే కుర్రాడికి అడ్తి సేటు రాసిచ్చిన నాలుగు లైన్లు పనికొచ్చాయి, అందులో "మూడేళ్లుగా నా దగ్గర పని చేస్తున్నాడు, ఇకముందూ పెట్టుకుంటాను" అని ఉంది, అంతే. పుట్టిన తేదీ కోసం పదో తరగతి మెమో. ఇంట్లో మంచాన పడ్డవాళ్లుంటే ఎంజీఎం ఆసుపత్రి చీటీలు. ఎమ్మెల్యే గారి లెటర్ హెడ్ మాత్రం పట్టుకుపోవద్దు, సిఫార్సుకు వచ్చినట్టు ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బాధితుడికి జరిగిన నష్టం ముందే కట్టేసి రసీదు తీసుకోండి. పోయింది అవతలివాళ్ల వస్తువు, పగిలింది అవతలివాళ్ల మూతి. వాళ్లింటికి పోయి క్షమాపణ అడగకుండా కోర్టులో జాలి అడగడం న్యాయం కాదు. ప్రొబేషన్ ఇస్తూ పరిహారం కట్టమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకుంది.

మాట్లాడేది వకీలు అయితే మంచిది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లకు ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. వకీలు సాబ్‌కు ముందు రోజే చెప్పండి, "సార్, శిక్ష దగ్గరికొస్తే ప్రొబేషన్ చట్టం మూడు, నాలుగు సెక్షన్ల కింద మెమో వేయండి" అని. మెమో అంటే ఒక పేజీ, కాగితాలు దానికి జత చేయాలి. జడ్జి గారు జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించమంటే ఇంకో పేషీ పడుతుంది, ఓపిక పట్టండి. ఆ ఆఫీసర్ ఇంటికొచ్చి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తాగుతాడా అంటే తాగుతాడనే చెప్పండి, ఇరుగుపొరుగును కూడా అడుగుతారు కదా.

వకీలు లేకుండా నిలబడాల్సి వచ్చిందే అనుకోండి, పిల్లోడి నోట ఈ నాలుగు మాటలు చాలు: "తప్పు చేశాను సార్. ఇంతకు ముందు నా మీద ఏ కేసూ లేదు. వాళ్ల నష్టం కట్టేశాను, రసీదు ఇదిగో. ప్రొబేషన్ ఇప్పించమని వేడుకుంటున్నాను." దోస్తులు చేయించారు, పోలీసులు ఇరికించారు అని మొదలుపెడితే జడ్జి గారు "అయితే ట్రయల్ నడుపుకో" అంటారు, అందులో ఆయన తప్పేమీ లేదు.

సమాజ సేవ అనే కొత్త శిక్ష గురించి అందరూ అడుగుతున్నారు. 5,000 లోపు విలువున్న దొంగతనం, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు, సొమ్ము వాపసు చేశాడు, ఈ మూడూ ఉంటే 303(2) కింద సమాజ సేవే వేయాలి. తాగి నలుగురిలో అల్లరి చేసిన కేసులో, అంటే 355లో, 24 గంటల జైలు గానీ, 1,000 ఫైన్ గానీ, రెండూ గానీ, లేదంటే సమాజ సేవ గానీ వేయొచ్చు. జీతం లేకుండా ఊరికి పనికొచ్చే పని చేయాలి. నా మనసుకు ఇది జైలు కంటే వంద రెట్లు మేలు, ఆసుపత్రి వార్డు ఊడ్చినవాడికి తను చేసింది గుర్తుంటుంది, ఇంటి కూడూ పోదు. అయితే ఇదీ కన్విక్షనే, పన్నెండో సెక్షన్ రక్షణ దీనికి లేదు, కాబట్టి ప్రొబేషన్‌కు అవకాశం ఉంటే మొదట అదే అడగండి. ప్లీ బార్గెయినింగ్ కూడా ఉంది, అంటే తప్పొప్పుకుని తక్కువ శిక్షకు మాట కుదుర్చుకోవడం, అది కాస్త పెద్ద సెక్షన్ల కోసం, కోర్టు ఛార్జి (ఆరోపణ) ఖరారు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి, మొదటి నేరస్తులకు శిక్ష బాగా తగ్గుతుంది. అదీ కన్విక్షనే.

గట్టి శిక్ష కావాలనేవాళ్ల మాట

దుకాణాల వాళ్లతో మాట్లాడితే "ఒక్కసారి లోపలేస్తే బుద్ధొస్తది" అంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, రోజూ ఏదో ఒకటి పోతుంటే ఎవరికి మండదు? కానీ లోపలికి పోవడమంటే ఏంటో ఒకసారి చూడండి. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ స్థలాన్ని పెద్దాసుపత్రికి ఇచ్చారు. ఇప్పుడు మనూరి పిల్లోడిని ములాఖత్‌లో చూడాలంటే తల్లి ఖమ్మం లాంటి దూరపు ఊళ్లకు పోవాల్సి రావచ్చు. రోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు పోతాయి, పిల్లోడు లోపల పది రోజులు ఎవరి పక్కన పడుకుంటాడో మన చేతిలో లేదు. సెల్‌ఫోన్ తీసినవాడు లోపల బండ్లు ఎత్తుకుపోయేవాడితో దోస్తీ చేసి వస్తే దుకాణం వాళ్లకు ఒరిగేదేంటి?

అయితే అన్నింటికీ జాలి అడగమని నేను చెప్పను. తాగి బండి నడిపిన కేసు నా దృష్టిలో చిన్న కేసు కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్, మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు గానీ 10,000 ఫైన్ గానీ రెండూ గానీ, రెండోసారికి రెండేళ్ల దాకా జైలు గానీ 15,000 ఫైన్ గానీ రెండూ గానీ. మొదటిసారి దొరికినవాడు బుద్ధిగా వచ్చి ఒప్పుకుని, మందు మానడానికి చూపించుకుంటున్న చీటీ పెట్టి తక్కువ శిక్ష అడగడంలో తప్పు లేదు. రెండోసారి, మూడోసారి దొరికినవాడి తరఫున నేనైతే ఒక్క మాట మాట్లాడను. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ ఇవ్వడం సరికాదని సుప్రీంకోర్టు 2000లోనే దల్బీర్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. ములుగు రోడ్డు మీద రాత్రిపూట నడిచిపోయేవాడికీ ఒక ఇల్లు ఉంది కదా. 18 నిండని కొడుక్కి బండిచ్చిన తండ్రులు కూడా వినండి, ఆ కేసులో 25,000 ఫైన్, మూడేళ్ల దాకా జైలు మీకే, పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

గంజాయి గురించి కూడా చెప్పాలి, ఈ మధ్య ఎక్కువ మంది తల్లిదండ్రులు దాని మీదే వస్తున్నారు. కిలో లోపు దొరికితే చట్టం దాన్ని చిన్న మొత్తం అంటుంది, ఏడాది దాకా జైలు గానీ 10,000 దాకా ఫైన్ గానీ రెండూ గానీ. 18 దాటినవాడి దగ్గర గంజాయి దొరికిన కేసుకు పైన చెప్పిన ప్రొబేషన్ చట్టం వర్తించదు. కానీ గంజాయి కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలోనే 39వ సెక్షన్ ఉంది. అలవాటు పడ్డ పిల్లోడు ఒప్పుకుంటే శిక్షకు బదులు వైద్యానికి పంపమని కోర్టును అడగొచ్చు. దీనికి డాక్టరు కాగితం కావాలి, కాబట్టి కేసు నడుస్తుండగానే డీ-అడిక్షన్‌లో చూపించడం మొదలుపెట్టండి. పరువు పోతుందని దాచిపెట్టి పేషీ రోజు తేవాలంటే దొరకదు.

తీర్పు వచ్చిన రోజు

ఫైన్ పడింది, చేతిలో డబ్బు లేదు. కంగారు పడి అక్కడే వడ్డీకి తేవద్దు. 30 రోజుల్లోపు కడతామని గానీ, రెండు మూడు వాయిదాల్లో కడతామని గానీ కోర్టును అడగొచ్చు, బాండు రాసివ్వాలి. జైలు పడిందా, అప్పీలుకు 30 రోజుల గడువుంది. మూడేళ్ల లోపు శిక్షయి, అప్పటిదాకా బెయిల్ మీదున్నవాడైతే అప్పీలు చేస్తామని చెప్పి అదే కోర్టులో అదే రోజు శిక్ష నిలిపివేత అడగాలి. సాయంత్రం దాకా ఆగితే జైలు బండి ఎక్కిస్తారు. కింది కోర్టు ప్రొబేషన్ ఇవ్వకపోయినా పై కోర్టు ఇవ్వొచ్చు, పదకొండో సెక్షన్‌లో ఆ అధికారం ఉంది.

ప్రొబేషన్ వచ్చినా సరే, తర్వాత ఏ ఉద్యోగ ఫారంలోనైనా "మీ మీద కేసులున్నాయా?" అని అడిగితే ఉన్నాయనే రాయాలి. పన్నెండో సెక్షన్ అనర్హతను తీసేస్తుంది, జరిగిన కేసును చెరిపేయదు. చిన్న కేసు ఉండటం కంటే దాన్ని దాచడం వల్లే ఉద్యోగాలు పోయినవాళ్లు ఎక్కువ. అందుకే కోర్టు నుంచి ఇంటికి పోయే ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి, వచ్చాక రెండు జిరాక్సులు తీయించి పదో తరగతి మెమో పెట్టుకునే కవర్లోనే పెట్టండి.